తెరుచుకున్నట్టే తెరుచుకుని మూతపడే ఆట



వనపర్తి, గద్వాల, నాగర్‌కర్నూల్. ఈ మూడింట్లో ఏ ఊరి బస్టాండు దగ్గరైనా సరే, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం ముందు కాసేపు నిలబడితే ఈ మాట చెవిన పడుతుంది. "అన్నా, గేమ్ ఓపెన్ చేస్తే తెర నల్లగైతది. రెండు సెకండ్లుండి మల్ల డెస్క్‌టాప్‌కే వస్తది. ఎందుకో ఏం చెప్తలేదు." దుకాణంలోని మనిషి చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టకుండానే జవాబిస్తాడు. "ఫార్మాట్ కొడ్దాం తమ్మీ."

ఫార్మాట్ కొడతారు. విండోస్ కొత్తగా ఎక్కుతుంది. తమ్ముడు ఇంటికెళ్లి ఫోన్ హాట్‌స్పాట్ మీద రాత్రంతా ఆటను మళ్లీ దించుకుంటాడు. పొద్దున్నే నొక్కి చూస్తే అదే నలుపు, అదే డెస్క్‌టాప్.

2016 అక్టోబరు 11న ఉమ్మడి మహబూబ్‌నగర్ నుంచి విడిపోయి ఈ మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. అలంపూర్, అయిజ పిల్లలు గద్వాలకు, పెబ్బేరు, కొత్తకోట పిల్లలు వనపర్తికి, అచ్చంపేట, కొల్లాపూర్ పిల్లలు నాగర్‌కర్నూల్‌కు సీపీయూ డబ్బాను ఆర్టీసీ బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంటారు. అంత దూరం మోసుకొచ్చిన డబ్బాకు దొరికే వైద్యం ఫార్మాట్ ఒక్కటే అయితే ఆ ప్రయాణం దండగే. దుకాణదారును మోసగాడనడానికి లేదు. ఫార్మాట్‌తో నయమయ్యే జబ్బులూ ఉన్నాయి. చిక్కల్లా ఒక్కటే. ఆట ఏం చెప్పకుండా మూతపడిందన్నది నిజం కాదు. అది చెప్పింది, విండోస్ దాన్ని రాసిపెట్టుకుంది. ఫార్మాట్ కొడితే అన్నిటికన్నా ముందు చెరిగిపోయేది ఆ రాతే.

ఐకాన్ మీద రెండుసార్లు నొక్కినప్పటి నుంచి మొదటి బొమ్మ కనబడేదాకా కొద్ది సెకండ్లే. ఆ కాస్తలోనే ఎన్ని జరుగుతాయో! విండోస్ ఆట ఫైలును మెమరీలోకి తెస్తుంది. దానికి తోడు కావలసిన డీఎల్‌ఎల్ ఫైళ్లను వెతికి తెస్తుంది. ఆట తనకు కావలసిన ఆదేశాలు ప్రాసెసర్‌కు వచ్చో రావో అడుగుతుంది. కొన్ని ఆటలు అడగకుండానే ఆదేశిస్తాయి. ఆ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్‌ను లేపుతుంది, పాత సేవ్‌లూ సెట్టింగులూ ఉన్న ఫోల్డర్‌ను తెరుస్తుంది. ఆన్‌లైన్ ఆటైతే దొంగాట పట్టే యాంటీ చీట్ ప్రోగ్రాం కూడా లేవాలి, సర్వర్ కూడా పలకాలి. ఇందులో ఒక్కోటి ఒక్కో కంపెనీది, ఒక్కో కాలానిది. గద్వాల చీరలో ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు. నేతగాడి పనితనమంతా ఆ రెండూ కలిసే చోట తెలుస్తుంది. లాంచ్‌లోనే పడిపోయే ఆట కూడా చాలాసార్లు అలా రెండు కలిసే చోటే పడిపోతుంది.

ఆ చోటు ఏదో కనుక్కోవడానికి డబ్బు ఖర్చు లేదు. స్టార్ట్ నొక్కి 'రిలయబిలిటీ' అని ఇంగ్లిషులో టైపు చేస్తే 'వ్యూ రిలయబిలిటీ హిస్టరీ' అని వస్తుంది. తెరిస్తే రోజుల వారీగా ఒక పట్టిక కనబడుతుంది. ఆట పడిపోయిన రోజు కింద ఎర్రటి గుర్తు ఉంటుంది. దాని వివరాల్లోకి వెళ్తే పది పన్నెండు పంక్తులుంటాయి గానీ, చూడవలసినవి రెండే. ఒకటి 'ఫాల్ట్ మాడ్యూల్ నేమ్', అంటే ఏ ఫైలు దగ్గర పడిందో ఆ పేరు. రెండోది 'ఎక్సెప్షన్ కోడ్', అంటే ఎలా పడిందో చెప్పే సంఖ్య.

మాడ్యూల్ పేరు 'ఎన్ వి' అక్షరాలతో మొదలైతే ఎన్‌విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ వైపు చూడాలి. 'ఐ జి డి'తో మొదలైతే ఇంటెల్ గ్రాఫిక్స్ వైపు, 'ఏ టి ఐ' లేదా 'ఏ ఎం డి' అని ఉంటే ఏఎండీ వైపు. కోడ్‌ల సంగతికొస్తే, 'సి' తర్వాత ఆరు సున్నాలు, చివర 5 కనబడితే తనది కాని మెమరీలో ఆట చేయి పెట్టిందని అర్థం. ఇది అన్నిటికన్నా ఎక్కువగా కనబడే కోడ్, అన్నిటికన్నా తక్కువ చెప్పే కోడ్ కూడా. 'సి' తర్వాత ఐదు సున్నాలు, ఆపైన '7 బి' ఉంటే చాలాసార్లు 64 బిట్ ఆటకు 32 బిట్ డీఎల్‌ఎల్ తగిలిందనో, దానికి తలకిందులుగా జరిగిందనో అర్థం. చివర '135' ఉంటే కావలసిన ఫైలే దొరకలేదు. చివర '1 డి' ఉంటే ప్రాసెసర్‌కు రాని ఆదేశాన్ని ఆట ఇచ్చింది.

ఈ చివరిదాని గురించి సెకండ్‌హ్యాండ్ కంప్యూటర్లు కొనేవాళ్లు తప్పక తెలుసుకోవాలి. ఆఫీసులు వదిలించుకున్న కోర్ 2 డుయో పెట్టెలు చవగ్గా దొరుకుతాయి. ర్యామ్ పెంచి, పాతదో కొత్తదో గ్రాఫిక్స్ కార్డు తగిలించి "గేమింగ్ పీసీ" అని అమ్మేవాళ్లూ ఉన్నారు. కానీ ఏవీఎక్స్ అనే ఆదేశాల కుటుంబం ప్రాసెసర్లలోకి వచ్చింది 2011లో. అంతకు ముందటి చిప్‌లకు అది రాదు. ఏవీఎక్స్ కోరే ఆట ఆ పెట్టెలో ఎన్ని జీబీల ర్యామ్ వేసినా, ఎన్నిసార్లు ఫార్మాట్ కొట్టినా లేవదు. కొనేముందు ప్రాసెసర్ మోడల్ నంబరు అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు.

ఫైలు దొరకని రకం మాత్రం తేలికగా తీరుతుంది, తేలికగా ముదురుతుంది కూడా. పాత ఆటలు డైరెక్ట్ ఎక్స్ 9 కాలపు ఫైళ్లు అడుగుతాయి. కొత్త విండోస్‌లో అవన్నీ ముందే ఉండవు. మైక్రోసాఫ్ట్ 2010 జూన్‌లో విడుదల చేసిన డైరెక్ట్ ఎక్స్ కట్టను ఎక్కిస్తే వచ్చేస్తాయి. ఇంకొన్ని ఆటలు విజువల్ సి ప్లస్ ప్లస్ రన్‌టైమ్ అడుగుతాయి. అదీ మైక్రోసాఫ్ట్ ఉచితంగానే ఇస్తుంది. ఇక్కడ కుర్రాళ్లు చేసే పని, ఆ ఒక్క డీఎల్‌ఎల్ పేరు వెతికి, ఏదో ఊరూపేరూ లేని సైటు నుంచి దించి, ఆట ఫోల్డర్‌లో పడేయడం. '7 బి' కోడ్ వచ్చే దారుల్లో ఇదొకటి, వైరస్ వచ్చే దారుల్లోనూ ఇదొకటి. పెన్‌డ్రైవ్‌లో చేతులు మారిన క్రాక్ ఆటల సంగతీ అంతే. వాటిలో మార్చిన ఫైలును యాంటీవైరస్ చప్పుడు చేయకుండా తీసేస్తుంది, ఆట లేవదు. అప్పుడు యాంటీవైరస్‌ను ఆపేయమని సలహా ఇచ్చేవాళ్లుంటారు. ఆ సలహా వినకపోవడమే మంచిది.

ఇక తెలుగువాళ్లకు ప్రత్యేకంగా తగిలే చిక్కు ఒకటుంది. దుకాణాల్లో దీన్ని పట్టుకునేవాళ్లు అరుదు. కొత్త కంప్యూటర్‌లో లోకల్ అకౌంట్ తెరిచేటప్పుడు సరదా కొద్దీ పేరు తెలుగులో టైపు చేస్తారు. విండోస్ మారుమాట్లాడకుండా ఒప్పుకుంటుంది. ఆ తెలుగు పేరుతోనే సీ డ్రైవ్‌లో యూజర్ ఫోల్డర్ తయారవుతుంది. బ్రౌజర్ నడుస్తుంది, వర్డ్ నడుస్తుంది, సినిమాలు ఆడతాయి. కొన్ని ఆటలు మాత్రం లేచీ లేవగానే పడిపోతాయి.

తెలుగు 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే ఉంది. విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చిన నాటి నుంచి తెరమీద తెలుగు అక్షరాలకు కొరత లేదు. కానీ యూనికోడ్‌కు ముందటి పాత పద్ధతిలో, ఒక్కో భాషకు 256 గడుల పట్టిక ఉండే రోజుల్లో, రష్యన్‌కు ఒక పట్టిక ఉంది, గ్రీకుకు ఒకటి ఉంది. విండోస్‌లో తెలుగుకు అలాంటి పట్టిక అసలు లేనే లేదు. ఆట రాసినవాళ్లు పాత పద్ధతి ఆదేశాలతో ఫోల్డర్ దారి అడిగితే, విండోస్ తనకు పట్టికలో దొరకని ప్రతి తెలుగు అక్షరం స్థానంలో ప్రశ్నార్థకం గుర్తు పెట్టి ఇస్తుంది. ఫైళ్ల పేర్లలో ప్రశ్నార్థకం విండోస్‌కు నిషిద్ధం! లేని ఫోల్డర్‌లో సెట్టింగులు రాయబోయి ఆట కుప్పకూలుతుంది. చైనా, రష్యా, పోలండ్ ఆటగాళ్లు కూడా తమ తమ అక్షరాల్లో పేర్లు పెట్టుకుని ఈ బాధ పడుతున్నారు. వాళ్లకు కనీసం పాత పట్టికలైనా ఉన్నాయి.

అకౌంట్ పేరును తర్వాత ఇంగ్లిషులోకి మార్చినా ఫోల్డర్ పేరు మారదు. అందుకే మార్చి చూసి, ఇదీ కారణం కాదనుకుని వదిలేసేవాళ్లుంటారు. ఇంగ్లిషు అక్షరాలతో మరో అకౌంట్ తెరిచి, అందులోంచి ఆట నడిపి చూడటమే దారి. సొంత పేరును సొంత లిపిలో రాసుకున్నందుకు ఆట ఆడలేకపోవడం 2020ల్లో కూడా జరుగుతోందంటే, అది రాసినవాళ్ల బద్ధకమే.

ఇదే ఫోల్డర్ గొడవకు చిన్న రూపాలు రెండున్నాయి. వన్‌డ్రైవ్ డాక్యుమెంట్స్ ఫోల్డర్‌ను తన కిందికి తీసుకుంటే సేవ్ ఫైళ్ల చోటు తారుమారవుతుంది. విండోస్ సెక్యూరిటీలో 'కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్' ఆన్ చేసి ఉంటే ఆటను డాక్యుమెంట్స్‌లో రాయనివ్వదు. ఆ పేజీలో ఆట పేరును అనుమతించిన వాటిలో చేర్చితే సరి.

ల్యాప్‌టాప్ వాళ్ల సమస్య ఇంకోటి. కొన్నింటి లోపల రెండు గ్రాఫిక్స్ ఉంటాయి, ఒకటి ప్రాసెసర్‌లోది, ఒకటి వేరే కార్డు. ఆట బలహీనమైనదాన్ని పట్టుకుంటే కొన్నిసార్లు మొదట్లోనే పడిపోతుంది. సెట్టింగుల్లో డిస్‌ప్లే, అందులో గ్రాఫిక్స్, అక్కడ ఆటను ఎంచుకుని 'హై పర్ఫామెన్స్' పెడితే సరిపోతుంది.

మాడ్యూల్ పేరు దగ్గర ఒక హెచ్చరిక. అక్కడ కనబడేది పడిన చోటు. తోసినవాడు వేరే కావచ్చు. దీనికి ఈ మధ్య జరిగిన పెద్ద ఉదాహరణ ఇంటెల్‌ది. 2023 చివర్లో, 2024 మొదట్లో ప్రపంచమంతా ఆటగాళ్లు ఒకే ఫిర్యాదు చేశారు. అన్‌రియల్ ఇంజిన్ మీద కట్టిన ఆటలు తెరవగానే "వీడియో మెమరీ అయిపోయింది" అని చెప్పి మూతపడుతున్నాయి. వాళ్లలో కొందరి గ్రాఫిక్స్ కార్డులు మార్కెట్‌లో అన్నిటికన్నా ఖరీదైనవి, మెమరీ పుష్కలంగా ఉన్నవి. జనం గ్రాఫిక్స్ డ్రైవర్లు మార్చారు, ఆటలు మళ్లీ మళ్లీ ఎక్కించారు, ఎన్‌విడియాను తిట్టారు. అసలు లోపం ఇంటెల్ 13వ, 14వ తరం డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఉంది.

ఆట మొదలయ్యేటప్పుడు షేడర్లనే చిన్న చిన్న ప్రోగ్రాంలను విప్పి సిద్ధం చేస్తారు. ఆ కొద్దిసేపూ ప్రాసెసర్ మీద పడే భారం మామూలుది కాదు. పాడవడం మొదలైన చిప్ అక్కడ లెక్క తప్పేది, విప్పిన డేటా చెడిపోయేది. ఆ చెడిన డేటాను అందుకున్న ఆట తనకు తోచిన కారణమేదో చెప్పి మూతపడేది. 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది, ప్రాసెసర్‌లోని మైక్రోకోడ్ అవసరానికి మించి వోల్టేజీ అడుగుతోందని. ఆగస్టులో సవరించిన మైక్రోకోడ్ ఇచ్చింది. మదర్‌బోర్డు బయోస్ అప్‌డేట్ చేస్తే అది ఎక్కుతుంది. వారంటీని రెండేళ్లు పొడిగించింది. అయితే ఆ సవరణ ముందు జాగ్రత్త మాత్రమే. అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను అది బాగుచేయలేదు, చిప్ మార్చుకోవలసిందే. ఆ తరాల చిప్ ఉన్న పెట్టె ఎవరింట్లోనైనా ఉంటే బయోస్ తేదీ ఒకసారి చూసుకోవాలి.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన కథ జీటీఏ అనే ఆటల వరుసది. వైస్ సిటీ 2003లో కంప్యూటర్లకు వచ్చింది, శాన్ ఆండ్రియాస్ 2005లో. మన నెట్ సెంటర్లలో పెరిగిన తరానికి ఈ పేర్లు పరిచయం చేయనక్కర్లేదు. శాన్ ఆండ్రియాస్‌లో స్కిమ్మర్ అని నీటి మీద దిగే చిన్న విమానం ఉంది. విండోస్ 11కు 2024లో వచ్చిన 24హెచ్2 అప్‌డేట్ తర్వాత అది ఆటలోంచి మాయమైంది. బలవంతంగా రప్పించి ఎక్కితే ఆటగాడిని ఆకాశం దాటించి విసిరేసేది. అందరూ మైక్రోసాఫ్ట్‌నే అనుమానించారు. పాత జీటీఏలకు సవరణలు రాసే సైలెంట్ అనే ప్రోగ్రామర్ తవ్వి చూసి, 2025 ఏప్రిల్‌లో అసలు సంగతి బయటపెట్టాడు.

వైస్ సిటీలో స్కిమ్మర్‌ను పడవల కింద లెక్కగట్టారు, పడవకు చక్రాల కొలతలు అక్కర్లేదు. శాన్ ఆండ్రియాస్‌లో దాన్ని విమానాల్లో చేర్చారు గానీ, డేటా ఫైలులో చక్రాల కొలత రాయడం మరిచారు. ఆట ఆ కొలత చదవబోయి, ఏమీ దొరక్క, మెమరీలో అదే చోట అంతకుముందు చదివిన బండి తాలూకు అంకె మిగిలి ఉంటే దాన్నే వాడుకుంది. ఆ అంకె ఎలాగోలా సరిపోయేది. ఇరవై ఏళ్ల పాటు అలా నెట్టుకొచ్చింది. కొత్త విండోస్ తన లోపలి పనికి మెమరీలో ఆ చోటును వాడుకోవడం మొదలుపెట్టింది. దానికి ఆ హక్కుంది. మిగిలి ఉన్న అంకె చెరిగిపోయింది, విమానం పోయింది. "నిన్నటిదాకా బానే నడిచింది, అప్‌డేటే చెడగొట్టింది" అనే మాట దుకాణాల్లో రోజూ వినబడేదే. అప్‌డేట్ కొన్నిసార్లు కొత్త తప్పు తెస్తుంది, కొన్నిసార్లు పాత తప్పును బయటపెడుతుంది.

పాత ఆటల తప్పులను మైక్రోసాఫ్ట్ తన నెత్తిన వేసుకున్న రోజులూ ఉన్నాయి. సిమ్‌సిటీ ఆటలో, వదిలేసిన మెమరీని వెంటనే మళ్లీ వాడుకునే తప్పు ఒకటుండేది. డాస్‌లో అది చెల్లిపోయింది. విండోస్ 95 తయారుచేసేవాళ్లు, నడుస్తున్నది సిమ్‌సిటీ అయితే మెమరీని వెంటనే లాక్కోకుండా ఆగే ఏర్పాటు చేశారని ప్రోగ్రామర్ జోయెల్ స్పోల్‌స్కీ 2004లో రాశాడు. ఆట ఐకాన్ మీద మౌస్ కుడి బటన్ నొక్కితే ప్రాపర్టీస్‌లో కనబడే 'కంపాటిబిలిటీ' పేజీ అలాంటి సర్దుబాట్ల కోసమే. పాత ఆటకు అక్కడ విండోస్ ఎక్స్‌పీ అనో, విండోస్ 7 అనో ఎంచి చూడటం నిమిషం పని. అయితే సేఫ్‌డిస్క్ తాళం వేసి సీడీల మీద అమ్మిన 2000ల నాటి ఆటలకు ఇది పనిచేయదు. ఆ తాళం నడిపే డ్రైవర్ భద్రతకు ముప్పని 2015లో విండోస్ 10 దాన్ని పక్కన పెట్టింది. అసలు సీడీ చేతిలో ఉన్నా ఆట లేవదు.

తప్పు ఇంట్లో లేని సందర్భాలూ మరువకూడదు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్ సహా 118 యాప్‌లను నిషేధించింది. అక్టోబరు 30న ఇక్కడి సర్వర్లు ఆగిపోయాయి. ఫోన్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ఎమ్యులేటర్ పెట్టుకుని కంప్యూటర్‌లో ఆడేవాళ్లకూ ఆట లేవలేదు. ఆటలు అమ్మే స్టీమ్ కూడా 2024 జనవరి 1 నుంచి విండోస్ 7, 8లకు మద్దతు ఆపేసింది. ఇంట్లోనే సరిచేసుకోగలిగినవీ ఉన్నాయి. వాలరెంట్ లాంటి ఆన్‌లైన్ ఆటలు విండోస్ 11లో బయోస్‌లోని సెక్యూర్ బూట్, టీపీఎం ఆన్ చేసి ఉంటేనే తెరుచుకుంటాయి. ఎమ్యులేటరే పైకి లేవకపోతే బయోస్‌లో వర్చువలైజేషన్ ఆఫ్ అయి ఉందేమో చూడాలి.

పాలమూరు ఎండలనూ కరెంటునూ తిట్టడం ఇక్కడ అలవాటే. కానీ వేడితో పడిపోయే ఆట సాధారణంగా అరగంట ఆడనిచ్చి పడిపోతుంది, మొదటి రెండు సెకండ్లలో కాదు. ఆట ఒక్కటే మూతపడకుండా కంప్యూటర్ మొత్తం టప్పున ఆరిపోయి మళ్లీ లేస్తే అప్పుడు అనుమానించవలసింది ఎస్‌ఎంపీఎస్‌ను, గోడ ప్లగ్గులోని వోల్టేజీని.

వనపర్తి రాజభవనంలో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది. యంత్రం విప్పి చూసే చదువు ఆ ఊరికి కొత్త కాదు. ఇక్కడా అదే పద్ధతి కావాలి. ముందు కోడ్, మాడ్యూల్ పేరు ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. స్టీమ్ ఆటైతే ప్రాపర్టీస్‌లో 'వెరిఫై ఇంటెగ్రిటీ' నొక్కితే చెడిన ఫైళ్ల వరకే మళ్లీ దిగుతాయి, ఎనభై జీబీలు దించనక్కర్లేదు. డిస్కార్డ్, ఆఫ్టర్‌బర్నర్ లాంటి ఆట మీద తేలే ప్రోగ్రాంలు మూసి చూడాలి. ఆపైన డ్రైవర్. ఒకసారికి ఒక్కటే మార్చి ఆట తెరిచి చూడాలి. అన్నీ ఒకేసారి మార్చితే ఆట లేచినా ఏది పనిచేసిందో తెలియదు.

ఇంత చేసినా లేవకపోతే ఆ ఫొటోను ఆట కంపెనీ సహాయ విభాగానికి పంపండి. "నడవట్లేదు" అని రాసేవారి కన్నా కోడ్‌తో రాసేవారికి జవాబు దొరికే అవకాశం ఎక్కువ. స్టీమ్‌లో కొన్న ఆటైతే కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం 2 గంటలు దాటకముందే అడిగితే డబ్బు వెనక్కి ఇస్తారు. ఆట తెరిచి ఉన్నంతసేపూ ఆ 2 గంటల్లోకే లెక్క వస్తుంది, కాబట్టి గడియారం చూసుకుంటూ ప్రయత్నించండి.